చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్ళాడు?



ఇవాళ మీతో ఒక పిల్లల పుస్తకం గురించి మాట్లాడదామని వచ్చాను. దానికి ముందు ఒక జత చెప్పుల సంగతి చెప్పాలి. అక్కణ్ణించి పుస్తకంలోకి వెళదాం.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా పెదనాన్న పోయారు. తెల్లవారుజామున, పిల్లలం నిద్రలో ఉండగానే, ఆయన్ని నులకమంచం మీద బస్సు దాకా మోసుకెళ్ళారట. మూడో రోజు బస్తీ ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. కబురు రాగానే ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన మొదటి పని, పిల్లలందరినీ పోగేసి పక్కింటికి పంపించెయ్యడం. మీ ఇళ్ళలోనూ అంతే చేసి ఉంటారు. పక్కింటి మామ్మగారు మాకు ఉప్మా పెట్టారు. మధ్యాహ్నంపూట అన్నం మానేసి ఉప్మా ఏమిటని ఎవరమూ అడగలేదు.

పెదనాన్నకి ఇద్దరు పిల్లలు. అక్కకి పదకొండేళ్ళు. తమ్ముడికి ఆరు. తమ్ముడికి ఏం చెప్పారంటే, నాన్న హైదరాబాదు పెద్దాసుపత్రికి వెళ్ళాడు, రావడానికి చాలా రోజులు పడుతుంది అని.

వాడు ఉప్మా సగంలో వదిలేసి, దొడ్డి కంచెలోంచి దూరి, ఇంటికెళ్ళి వచ్చాడు. వచ్చి అక్క చెవిలో చెప్పాననుకున్నాడు గానీ మా అందరికీ వినబడింది.

"నాన్న చెప్పులు అరుగు కిందే ఉన్నాయే. కళ్ళజోడు గూట్లోనే ఉంది. సైకిలు గోడకి ఆనించే ఉంది. మరి చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్ళాడే?"

శ్రోతలారా, ఆ ప్రశ్న కాస్త గుర్తుంచుకోండి. చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్ళాడు? చూడండి, వాడు ఏడవడం లేదు. వాడు ఆరా తీస్తున్నాడు. చెప్పులు, కళ్ళజోడు, సైకిలు. మూడు ఆధారాలు. పెద్దవాళ్ళు చెప్పిన కథకీ, ఆ మూడింటికీ పొత్తు కుదరడం లేదు. ఎక్కడో ఎవరో అబద్ధం చెబుతున్నారని ఆరేళ్ళవాడికి అర్థమైంది. చావు వచ్చిన ఇంట్లో పసివాడికి ఏడుపు తర్వాతెప్పుడో వస్తుంది. ముందు వాడు డిటెక్టివు అవుతాడు. ఎందుకంటే మనం ఆధారాలన్నీ దాచేస్తాం గనక.

ఈ సంగతి బాగా తెలిసిన రచయిత్రి ఒకావిడ స్వీడన్‌లో ఉండేవారు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్. 1907లో పుట్టి, 2002లో, తొంభై నాలుగో ఏట పోయారు. పిప్పీ అనే అల్లరిపిల్లని లోకానికిచ్చింది ఆవిడే. ఎర్రటి జడలు, చేత్తో గుర్రాన్ని ఎత్తేసే బలం, ఆ పిల్లే. మన రేడియోవాళ్ళకి ఇంకో చుట్టరికం కూడా ఉంది. స్వీడిష్ రేడియోలో ఇరవై ప్రశ్నలడిగి దాచిన వస్తువేమిటో కనిపెట్టే కార్యక్రమం ఉండేది. అందులో ప్రశ్నలు వేసేవాళ్ళలో ఆవిడ ఒకరు. పిల్లల కోసం డిటెక్టివు నవలలు కూడా రాశారు. అంటే ఆధారం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ దాచాలో, పాఠకుణ్ణి ఎలా పక్కదారి పట్టించాలో చేతికి బాగా అలవాటైన మనిషి.

ఆవిడ 1973లో ఒక నవల ప్రచురించారు. ఇద్దరు అన్నదమ్ముల కథ. వాళ్ళ ఇంటిపేరుకి స్వీడిష్‌లో సింహం అని అర్థం. పుస్తకం పేరు మన మాటల్లో చెప్పుకుంటే, సింహపు గుండె అన్నదమ్ములు.

కథ వంటింట్లో మొదలవుతుంది. బీద ఇల్లు. తండ్రి ఓడెక్కి వెళ్ళాడు, మళ్ళీ అయిపూ అజా లేదు. తల్లి ఊళ్ళోవాళ్ళకి బట్టలు కుట్టి బతుకు నెట్టుకొస్తుంటుంది. పెద్దవాడు యోనాథన్, పదమూడేళ్ళు. అందగాడు, చదువరి, అందరికీ ముద్దు. చిన్నవాడు కార్ల్‌కి పదో ఏడు నిండబోతోంది. కాళ్ళు వంకర, ఒకటే దగ్గు. బడికి పోలేడు. రోజంతా వంటింట్లో బల్లమంచం మీదే. వాణ్ణి అన్న ముద్దుగా 'రస్కు' అని పిలుస్తాడు. అవును, మనం టీలో ముంచుకు తినే రస్కే. తనకి రస్కులంటే ఇష్టమట, అందుకని తమ్ముడికి ఆ పేరు. మనమూ వాణ్ణి రస్కు అనే పిలుద్దాం.

ఒకరోజు రస్కు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుని తల్లి ఇంటికొచ్చినావిడతో మాట్లాడుతోంది. వీడు ఎక్కువ రోజులు బతకడని ఆ మాటల్లో వాడికి వినబడుతుంది. తన చావు కబురు తనకి అలా చేరింది. గోడకి చెవులుంటాయంటాం. వంటింటి మంచాలకి ఇంకా పెద్ద చెవులుంటాయి.

వాడు అన్నని అడుగుతాడు. నీకు తెలుసా అని. ఇక్కడ చూడండి రచయిత్రి ఏం చేసిందో. పెద్దవాళ్ళయితే ఛ, అవేం మాటలు, నోర్ముయ్ అంటారు. యోనాథన్ అలా అనడు. కాసేపు ఆలోచిస్తాడు. అవును, తెలుసు అంటాడు. ఆ తర్వాతే, శ్రోతలారా, నిజం ఒప్పుకున్న తర్వాతే, కథ చెబుతాడు. చనిపోయాక నంగియాలా అనే చోటికి వెళతావురా. నక్షత్రాలకి ఆవల ఉంటుంది. అక్కడ ఇంకా నెగళ్ళూ కథలూ ఉన్న కాలమే నడుస్తోంది. నీ దగ్గు పోతుంది. కాళ్ళు తిన్ననవుతాయి. చేపలు పట్టుకోవచ్చు, గుర్రమెక్కచ్చు.

రస్కుకి వెంటనే ఇంకో అనుమానం వస్తుంది. నేను ముందు పోయి, నువ్వు తొంభై ఏళ్ళు బతికితే, అన్నాళ్ళూ అక్కడ నేనొక్కణ్ణే ఉండాలా? అన్న దానికీ జవాబు వెతుకుతాడు. అక్కడి కాలం వేరురా, నీకు రెండు రోజుల్లా గడిచిపోతుంది అంటాడు.

మా అక్క కూడా ఆ పక్కింట్లో, ఉప్మా పళ్ళెం ముందు, ఇదే చేసింది. ఈ పుస్తకం దానికెలా తెలుస్తుంది? తమ్ముడు చెప్పుల గురించి అడిగాడు. అది వాడికేసి కాసేపు చూసింది. "నాన్న ఆస్పత్రిలో చచ్చిపోయాడురా" అంది. ఆ మాట మా అందరిలోనూ బయటికి అన్నది అదొక్కతే. వాడు అలాగే నిలబడ్డాడు. అప్పుడంది, "ఇప్పుడున్న చోట చెప్పులక్కర్లేదురా. అంతా ఇసకే. మెత్తటి ఇసక."

"నీకెవరు చెప్పారు?"

"నాన్నే చెప్పాడు. మొన్న రాత్రి."

ముందు నిజం. తర్వాత ఇసక. ఆ వరస చూశారా? మనం సాధారణంగా మొదటిది మింగేసి రెండోది మాత్రమే చెబుతాం. దేవుడి దగ్గరికెళ్ళాడు, చుక్కయ్యాడు, ఊరెళ్ళాడు అంటాం. పిల్లవాడేమో ఆ చుక్కని పట్టుకుని, అయితే పగలు ఎక్కడుంటాడు, అన్నం ఎవరు పెడతారు అని మళ్ళీ ఆరా మొదలుపెడతాడు.

సరే, కథలోకి వద్దాం. పోవాల్సింది రస్కు. కానీ ముందు పోయింది యోనాథన్. కొయ్య ఇల్లు అంటుకుంటుంది. అమ్మ ఇంట్లో లేదు. రస్కు ఒక్కడే పైన మంచం మీద ఉన్నాడు. బడి నుంచి అన్న పరుగెత్తుకొచ్చి, మంటల్లోకి వెళ్ళి, తమ్ముణ్ణి వీపున కట్టుకున్నట్టు ఎత్తుకుని, కిటికీలోంచి దూకుతాడు. తమ్ముడు బతుకుతాడు. అన్న పోతాడు. వాళ్ళ టీచరమ్మ పత్రికలో రాస్తూ ఆ పిల్లవాడి ఇంటిపేరుకి 'గుండె' అని చేరుస్తుంది. అలా సింహపు గుండె అయింది.

ఇప్పుడు రస్కు మనసులో ఏముంటుందో ఊహించుకోండి. దగ్గుతూ మంచంలో ఉన్న నేను మిగిలాను. పరుగెత్తగల అన్న పోయాడు. ఊరంతా అదే అనుకుంటోంది, నోటితో అనకపోయినా. తోడబుట్టినవాళ్ళలో ఒకరు పోయిన ఇంట్లో మిగిలిన బిడ్డకి ఈ బరువు ఉంటుంది. తల్లిదండ్రుల ఏడుపు చూసి, ఆ పోయినవాడి కోసం ఏడుస్తున్నారా, మిగిలింది నేనని ఏడుస్తున్నారా అనుకుంటుంది. లిండ్‌గ్రెన్ దీన్ని ఉపన్యాసంగా చెప్పలేదు. రస్కు నోటితోనే కథంతా చెప్పించింది. వాడు ప్రతి పేజీలోనూ, నేను పిరికివాణ్ణి, అన్న ధైర్యవంతుడు అంటూనే ఉంటాడు. అలా అంటూనే ధైర్యమైన పనులన్నీ తనే చేసుకుంటూ పోతాడు.

ఒక రాత్రి కిటికీ మీద తెల్లపావురం వాలుతుంది. అది అన్నే అని వాడికి తెలిసిపోతుంది. అన్న పోయిన రెండు నెలలకి రస్కు కూడా అమ్మకి చిన్న చీటీ రాసిపెట్టి నంగియాలాకి వెళతాడు.

అక్కడ చెర్రీలోయ పూలతో తెల్లగా ఉంటుంది. ఏటి ఒడ్డున అన్న కూర్చుని గాలం వేస్తుంటాడు. ఇద్దరికీ ఇల్లు, రెండు గుర్రాలు. రస్కుకి దగ్గు లేదు. ఇక అంతా సుఖమే అనుకుంటాం.

కాదు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నంగియాలా స్వర్గం కాదు. పక్క లోయని తెంగిల్ అనే నియంత చుట్టూ గోడ కట్టి చెరపట్టాడు. వాడి చేతిలో కాట్లా అనే ఆడ డ్రాగన్ ఉంది. నిప్పు కక్కుతుంది. ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతం పేరు కూడా కాట్లాయే. జనాన్ని వెట్టిచాకిరీకి తోలుకుపోతున్నారు. అంటే చచ్చిపోయి వెళ్ళినా అక్కడా పని ఉంది, భయం ఉంది, తోటివాళ్ళ కోసం చెయ్యాల్సింది ఉంది. అన్నదమ్ములిద్దరూ ఆ పనిలో దిగుతారు. యోనాథన్ ఎంత ప్రమాదంలోనూ ఎవర్నీ చంపనంటాడు. శత్రువు ఏట్లో కొట్టుకుపోతుంటే వాణ్ణీ బయటికి లాగుతాడు.

ఇప్పుడు మిస్టరీ. చెర్రీలోయలో ఎవరో ద్రోహి ఉన్నాడు. ఇక్కడి రహస్యాలు తెంగిల్‌కి చేరుతున్నాయి. పావురాలతో కబుర్లు పంపే సోఫియా అనే ఆవిడ ఉంది, ఆవిడ పావురాలని ఎవరో చంపుతున్నారు. ఎవరా ద్రోహి?

రస్కుకి ఒకడి మీద అనుమానం. హూబెర్ట్ అనే వేటగాడు. ముక్కోపి. విల్లు పట్టుకు తిరుగుతాడు. సోఫియా మాట పెద్దగా చెల్లడం అతనికి గిట్టదు. ఇంకొకడు యోస్సి. సత్రం నడుపుతాడు. ఎర్రటి బుగ్గలు, ఎప్పుడూ నవ్వే. పిల్లలంటే ఎంతో ప్రేమగా మాట్లాడతాడు. మీరైతే ఎవర్ని అనుమానిస్తారు?

రస్కు ఒక రాత్రి కొండల్లో ఒంటరిగా చిక్కుకుంటాడు. తోడేళ్ళు మీదికొస్తాయి. బాణం వేసి కాపాడింది ఎవరనుకున్నారు? హూబెర్టే. అయినా రస్కు అనుమానం పోదు. ఆ రాత్రే ఒక గుహలో నక్కి ఉంటాడు. బయట తెంగిల్ సైనికులిద్దరు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నారు. ఆ వచ్చేది హూబెర్టేనని వీడికి నమ్మకం. వెన్నెల్లో వచ్చింది యోస్సి. ఎర్రబుగ్గల యోస్సి. మాకు కట్టుబడ్డావనడానికి గుర్తు వేస్తామని, వాడి రొమ్ము మీద కాట్లా ముద్ర కాల్చి వేస్తారు. రస్కు అంతా చూస్తాడు. ఆ వాతే చివరికి యోస్సిని పట్టిచ్చే ఆధారం.

చూశారా, ఇదీ ఆవిడ పనితనం. దుఃఖంలో ఉన్న పిల్లవాడు ముందు తప్పు మనిషిని అనుమానిస్తాడు. కసిరేవాణ్ణి చెడ్డవాడనుకుంటాడు, బుగ్గ గిల్లేవాణ్ణి మంచివాడనుకుంటాడు. చావు జరిగిన ఇంట్లో కూడా అంతే. మాకు ఆ రోజుల్లో బాబాయి మీద పీకల దాకా కోపం. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, పైగా అందరి మీదా అరిచాడు. కట్టెలకీ బండికీ డబ్బు ఎక్కడ తేవాలో తెలియక అరిచాడని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఈ కథ ఆవిడకి ఎక్కడిది? ఆవిడ పుట్టింది విమ్మెర్‌బీ అనే చిన్న ఊళ్ళో. అక్కడి శ్మశానంలో ఇనుప శిలువలున్నాయి. ఒకదాని మీద 1860లో పోయిన ఇద్దరు పసివాళ్ళ పేర్లు, అన్నదమ్ములు. అది చూసినప్పుడు కథ ఒకటి మనసులో పడింది. ఇంకోసారి శీతకాలం తెల్లవారుజామున రైల్లో ఫ్రీకెన్ అనే సరస్సు పక్కగా వెళుతున్నారు. ఆకాశం గులాబీరంగు. ఇది ఈ లోకంలా లేదే అనిపించింది. మరోసారి, ఆవిడ కథతో తీస్తున్న సినిమాకి ఒక చిన్న పిల్లవాణ్ణి ఎంపిక చేశారు. పత్రికలవాళ్ళ హడావుడి. వాడు బెదిరిపోయి, వెళ్ళి అన్న ఒళ్ళో కూర్చున్నాడు. అన్న వంగి తమ్ముడి బుగ్గ మీద ముద్దు పెట్టాడు. శ్మశానం, సరస్సు, ముద్దు. ఈ మూడూ కలిసి నవల అయ్యాయి. ఆవిడకీ ఒక అన్న ఉండేవాడు, గున్నార్. చిన్నప్పుడు పొలాల్లో కలిసి ఆడుకున్నవాళ్ళు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే ఆయన పోయాడు.

ఇక చివర. ఇది దాటవెయ్యడానికి వీల్లేదు. డ్రాగన్ చస్తుంది. తెంగిల్ చస్తాడు. కానీ కాట్లా నిప్పు సోకి యోనాథన్ ఒళ్ళు కదలకుండా అయిపోతుంది. నంగియాలాకి ఆవల నంగిలీమా అని ఇంకో చోటుందట. అక్కడ మళ్ళీ ఒళ్ళు బాగవుతుందట. ఈసారి అన్నని వీపున ఎత్తుకునేది రస్కు. లోయలోకి దూకడానికి అడుగు వేసేది రస్కు. మొదట అన్న తమ్ముణ్ణి మోశాడు, చివర తమ్ముడు అన్నని మోశాడు.

స్వీడన్‌లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. పిల్లలకి ప్రాణం తీసుకోమని చెబుతారా అన్నారు కొందరు విమర్శకులు. పిల్లలు మాత్రం, తర్వాత ఏమైంది, నంగిలీమాలో వాళ్ళు బాగున్నారా అని ఆవిడకి ఉత్తరాలు రాశారు.

నా సంగతి అడిగితే, ఆ చివరి పేజీ దగ్గర నాకూ చెయ్యి ఆగుతుంది. అది విమర్శకుల బెదురు మాత్రమే అని కొట్టిపారెయ్యలేను. మంచంలో పడుకున్న రస్కు ఆ రెండు నెలలూ ఊహించుకున్న కథే ఇదంతా అని పెద్దవాళ్ళం చదువుకోవచ్చు. అలా చదివితే దూకింది ఎవరూ లేరు, జబ్బుతో ఒక పిల్లవాడు కన్నుమూశాడు, అంతే. పిల్లలు అలా చదవరు. వాళ్ళకి నంగియాలా నిజం. అందుకని ఈ పుస్తకం పిల్లవాడి చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని చదవండి. వాడి ప్రశ్నలకి మీరక్కడ ఉండాలి. ముఖ్యంగా ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే.

నాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. అమ్మ. చీటీ చదువుకున్న ఆ అమ్మ ఏమైంది? ఇద్దరు పిల్లలు పోయాక కుట్టుపనికి కూర్చుందా? డ్రాగన్లకి అన్ని పేజీలిచ్చిన పుస్తకం ఆవిడకి దాదాపు ఏమీ ఇవ్వలేదు. నేను తండ్రినయ్యాకే ఈ లోటు కనిపించింది.

లిండ్‌గ్రెన్ ముసలితనంలో చెల్లెళ్ళతో ఫోనులో మాట్లాడేటప్పుడు, హలో అనడానికి బదులు, "చావు, చావు" అనేవారట. ఎలాగూ ఆ మాట వస్తుంది కదా, ముందే అనేసుకుంటే తక్కిన కబుర్లు హాయిగా చెప్పుకోవచ్చని. మన ఇళ్ళలో అంటే చెంప పగులుతుంది. నేను ఈ ప్రసంగం రాసుకునే ముందు అక్కకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. పకపకా నవ్వింది.

"ఏరా, చెప్పుల సంగతి కూడా చెబుతున్నావా?" అంది.

చెప్పుల సంగతి ఇంకా కొంచెం ఉంది శ్రోతలారా. పన్నెండు రోజులూ అయ్యాక ఒక పొద్దున అరుగు కింద చెప్పులు కనబడలేదు. కుక్క ఎత్తుకుపోయిందన్నారు పెద్దవాళ్ళు. తమ్ముడు ఒప్పుకోలేదు. నాన్న వచ్చి తీసుకెళ్ళాడన్నాడు. అంతా ఇసకే, చెప్పులక్కర్లేదన్నావుగా అని అక్కని నిలదీశాడు. అక్క తడుముకోకుండా, "వానలు మొదలయ్యాయిగా" అంది. అక్కడితో ఆ కేసు మూసేశారు.

"నేనేరా దాచాను" అంది అక్క ఫోనులో. "రోజూ అమ్మ వాటిని చూసి ఏడుస్తోంటే చూడలేక. ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. పెళ్ళయ్యాక నాతోనే తెచ్చుకున్నాను. ఇంకా ఉన్నాయి."

"తమ్ముడికి తెలుసా?" అన్నాను.

"తెలియకపోవడమేం. వాడు పదో తరగతిలో ఉండగానే కనిపెట్టాడు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏటా ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు, నేను బయటికి వెళ్ళడం చూసి, తీసి ఆముదం రాసి పెట్టేవాడు. తోలు బీటలు వారకుండా."